మా మద్దిలేటి బోటు మ్యాపుకు ఏటేటా కట్టిన దుడ్లు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. చేసే పని వదిలేసి ఉరికితి.

నాకు ఎప్పుడూ అంతే. ఫోన్ మోగితే చాలు, మా తమ్ముడు మద్దిలేటి నీళ్లల్లో పడినాడేమో అనుకుంటా. శ్రీశైలం డ్యాం వెనక నీళ్లల్లో బోటు నడిపేటోడు కదా. గాలొస్తే భయం, వానొస్తే భయం. సాయంత్రం ఒడ్డు చేరి "చేరినాక్కా" అని ఫోన్ చేస్తేనే నాకు ముద్ద దిగేది.

నిన్న చేసింది వాని పెండ్లాం తిరుపాలమ్మ.

నీళ్లల్లో కాదు. ఇంట్లో, మంచం మీద. హార్ట్ అటాక్ అంట. టీ పెట్టుకొచ్చే లోపల అయిపోయినాడంట.

ఇన్నేండ్లు నీళ్లను చూసి భయపడితి. మంచాన్ని చూసి భయపడాలని నాకేం తెలుసు.

ఈ వాట్సాప్ గ్రూపులో మన ఊరు పెద్దరేవుల వాళ్లంతా ఉండారని మనవరాలు చెప్పింది. నేను చదివింది తక్కువ. తప్పులుంటే ఏమనుకోవద్దండి.

చిన్నపిల్లోళ్లకు తెలియదు గాని, డ్యాం కట్టినప్పుడు మన ఊరు మునిగింది. ఎండాకాలంలో కొన్ని ఊర్ల గుళ్లు బయటపడతాయి. మనది లోతు, పడదు. అందుకే ఏటా మనోళ్లు బోటెక్కి పోయి, నడినీళ్లల్లో, కింద సుంకులమ్మ గుడి ఉన్న చోట టెంకాయ కొట్టి వదిలొస్తారు.

ఆ చోటు చూపించేది మద్దిలేటే. అటు కొండా ఇటు గుట్టా చూసుకోని ఇంజిన్ ఆపేటోడు. "ఇదే అమ్మోరు" అనేటోడు.

వానికి ఒకటే దిగులు. "నేను పోతే ఈ చోటు ఎవరికి తెలుస్తాదక్కా?"

దిగులు మంచిదే. దానికి ఆ మొద్దోడు ఏం చేసినాడో చూడండి.

మద్రాసుకు పోయి బోటుకు ఒక మిషన్ తెచ్చినాడు. చిన్న టీవీ మాదిరి ఉంటాది. అండ్ల మ్యాపు, మ్యాపు మీద మన బోటు యాడుండాదో గుర్తు.

మొదటి దినం నన్ను ఎక్కించుకోని చూపించినాడు. చూస్తే అంతా పసుపు.

"ఏమప్పా, నీళ్లు యాడ?"

"నీళ్లు నీలం రంగక్కా. పసుపంటే నేల."

"అయితే మనం నేల మీద పోతాండామా?"

"మ్యాపు పాతది. అప్‌డేట్ చేస్తే సరిపోతాది."

అది సముద్రం మ్యాపండి. ఓడలోళ్లకు చేసింది. కృష్ణలో తిరిగేటోనికి అంటగట్టినాడు ఆ షాపాయన. టై కట్టుకోనుండాడంట. ఏసీ రూములో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాడంట. "మీ ఊరు యాడుండాదో రాసిపంపండి సార్, వచ్చే అప్‌డేట్‌లో వస్తాది" అన్నాడంట.

సార్ అన్నాడని మావాడు పొంగిపోయినాడు.

మిషన్ కొంటే అయిపోయింది అనుకుంటిమి. కాదంట. మ్యాపును ఏటా మళ్లీ కొనాలంట. ఇల్లు కొన్నోని చేత ఏటా అదే తలుపు కొనిపించినట్ల. ఒక ఏడు మేకలు పోయినాయి. ఒక ఏడు తిరుపాలమ్మ కమ్మలు పోయినాయి.

ఇంత పోసి తెచ్చిన అప్‌డేట్‌లో ఏమొచ్చిందని అడిగితే, చెప్పేదానికి వానికే సిగ్గు. బొంబాయి తట్టు యాడో ఓడలకు దారి చూపే దీపం మార్చినారంట. కొచ్చిన్ కాడ ఒక పడవ మునిగి ఉండాదంట, జాగ్రత్త అంట.

మనకెందుకప్పా అది?

యాడో ఒక పడవ మునిగితే గుర్తు పెట్టినారు. ఊరికి ఊరు మునిగితే వాళ్లకు కనపడలా.

"దొంగలప్పా వాళ్లు" అని తిట్టేదాన్ని. "టై కట్టిన దొంగలు."

"ఈ తూరి వస్తాదిలేక్కా" అనేటోడు.

పోయినేడు టెంకాయ కొట్టేదానికి పోయినప్పుడు నేనూ ఎక్కినా. బోటు ఊగితే నా పానం పోతాంటాది, కమ్మీ పట్టుకోని కూర్చున్నా. అమ్మోరి చోటు కాడ వాడు ఇంజిన్ ఆపి, మిషన్ మీద ఏదో నొక్కినాడు. పసుపు మీద ఎర్రగా ఒక చుక్క పడింది.

"ఇది నేను పెట్టిన గుర్తక్కా. దీనికి దుడ్లు లేవు."

నాకు మండింది. "మరి ఇంతకాలం ఆ దొంగలకు ఎందుకు పోస్తివిరా?"

"నా గుర్తు నా మిషన్‌లోనే కనపడతాది. మ్యాపులో ఊరి పేరొస్తే లోకమంతా చూస్తాది కదా."

"లోకం చూస్తాదంట! ఇంకా నేల మీదే పోతాంది నీ బోటు, చూసుకో."

వాడు నవ్వినాడు. "నేలేలేక్కా. కింద ఉండేది మన శెనగ చేనే కదా."

నేను నవ్వలా. టెంకాయ కొట్టి నీళ్లల్లోకి వదిలినా.

నిన్న నేను పోయినాక, వాన్ని ఇంకా ఇంట్లో నుంచి ఎత్తకముందే వాని సెల్లుకు మెసేజ్ వచ్చింది. మ్యాపు గడువు అయిపోయిందంట, వెంటనే అప్‌డేట్ చేసుకోవాలంట.

మనిషి పోయింది తెలియదు. ఊరు పోయింది తెలియదు. దుడ్ల గడువు మాత్రం బాగా తెలుసు. థూ.

తిరుపాలమ్మ ఏడుస్తానే అడిగింది. "ఈ ఏడు కట్టల్లనా వదినా? ఆయప్పకు అదే ధ్యాస."

వద్దన్నా.

కొత్త మ్యాపు ఎక్కిస్తే వాని ఎర్ర చుక్క యాడ చెరిగిపోతాదోనని నా భయం.

ఇంకోటి కూడా ఉండాది. ఆ ముదనష్టపు మిషన్‌లో మన ఊరు ఇంకా మునగలా. అంతా పసుపుగా, పొడిగా, నేల నేలగానే ఉండాది. ఈ లోకంలో అట్ల ఉండేది అదొక్క చోటే.

అట్లే ఉండనీ.

అస్థికలు ఆ చుక్క కాడనే కలపమని చెప్పినా. మనోళ్లు వచ్చేటట్లుంటే రేపు పొద్దున గాలి లేవకముందే వాడు బోటు కట్టే రేవు కాడికి రండి. వచ్చినోళ్లు ఆ కొండనూ గుట్టనూ బాగా చూసిపెట్టుకోండి. మిషన్‌ను నమ్ముకోవద్దండి.

మద్దిలేటీ, మన చేన్లోకి పోతాండావు నాయనా. ఈ తూరి "చేరినాక్కా" అని చెప్పకపోయినా నేను భయపడను. సుంకులమ్మ కాడ చల్లగా పండుకో.

మీ అక్క ఓబులమ్మ,
కోయిలకుంట్ల