రవ్వ రాని వైరు

ఊళ్ళు పట్టుకు తిరిగినవాళ్ళకు తెలుసు, ప్రతి మోటారు షెడ్డుకీ దేవుడి పటం కంటే గట్టిగా నమ్మేది ఒకటుంటుంది. అంకులిలో పైడన్న షెడ్డుకి అది నిప్పురవ్వ. పైడన్న, వలతాడు వేలికి చుట్టుకుని చేపల బరువు చెప్పే తండ్రిని ఆర్యపల్లిలో వదిలి వచ్చాడు గాని, చేత్తో కనిపెట్టే ఆ అలవాటును మాత్రం వదల్లేదు. ముప్పై ఏళ్ళలో కరెంటు చూసే మీటరు ముట్టలేదు. వైరు కొస కారు బాడీకి గీస్తాడు. చిటుక్కుమంటే కరెంటున్నట్టు, లేకపోతే లేనట్టు. పన్నెండు వోల్టుల కార్లలో బాడీయే ఒక తీగలా పనిచేస్తుంది కాబట్టి ఆ నమ్మకం ఎన్నడూ వమ్ము కాలేదు.

మొన్నటి వానల్లో మునిగిన కరెంటు కారొకటి వచ్చింది. నారింజ రంగు కేబుళ్ళు, నాలుగొందల వోల్టులు. పైడన్న మూత విప్పి, ఒక కేబులు కొసకు వైరు తగిలించి, ఎప్పటిలాగే బాడీకి గీశాడు. రవ్వ రాలేదు.

"నీలాగే దీనికీ ముసలితనమొచ్చినాది బావా" అని నవ్వాడు ఈశ్వర్. పైడన్న చెల్లెలు గాయత్రి మొగుడు, షెడ్డులో పద్దెనిమిదేళ్ళ తోడు.

"సచ్చినాది బావా. అట్టుకుని లాగు."

ఈశ్వర్ రెండు కొసలూ పట్టుకున్నాడు.

ఆ కార్లలో పెద్ద కరెంటుకు బాడీతో పొత్తుండదనీ, ఒక్క కొస గీస్తే రవ్వ రాదనీ, రెండూ కలిస్తేనే ప్రాణం తీస్తుందనీ తర్వాత ఎవరో కంపెనీ మనిషి చెప్పాడు. పైడన్న "ఓహో" అన్నాడు.

ఈశ్వర్ తొందరపడ్డాడని, పైడన్న మాట వినలేదని ఊరంతా అంది. పైడన్న కాదనలేదు. మైల పది రోజులూ చెల్లెలింట్లో పెట్టింది తిన్నాడు, పడుకోమన్నచోట పడుకున్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. మిగిలిన విస్తళ్ళు కట్టకడుతూ గాయత్రి అడిగింది.

"అన్నా, ఆయన నీ మాటెందుకు ఇన్నేదు?"

"ఇన్నాడు."

ఆమె చెయ్యి ఆగింది.

"సచ్చినాదని నేనే సెప్పినాను. లాగమని నేనే సెప్పినాను."

"మరి నువ్వెందుకు ముట్టుకోనేదు?"

"నడుం వంగదు కదమ్మా. లాగుడు పనెప్పుడూ బావదే."

"నడుం" అంది గాయత్రి. మళ్ళీ విస్తళ్ళు సర్దుకుంది. ముడి వేసింది.

పైడన్న లేవబోయాడు. నడుం పట్టేసింది. నేలమీద అరచెయ్యి ఆనించి, అలాగే సగం లేచి ఉండిపోయాడు. గాయత్రి చూసింది. చెయ్యి అందించలేదు.