పెద్దమ్మ విప్పిన పిడికిలి

నా చిన్నప్పుడు గోపన్‌పల్లిలో ఏ పసిబిడ్డ తల్లి జుట్టు గుప్పిట పట్టి వదలకపోయినా మా పెద్దమ్మకు కబురు వచ్చేది. ఆమె వేళ్ల జోలికి పోయేది కాదు. బిడ్డ మణికట్టును మెల్లగా లోపలికి వంచేది. పిడికిలి దానంతటదే సడలేది. "వేళ్లను గుంజితే మొండికేస్తయి. మణికట్టును బతిమాలాలె," అనేది.

నాకప్పుడు ఆరేళ్లు. లెక్కల మీద పట్టు లేదు గానీ అమ్మ చెయ్యి మీద మాత్రం గట్టిగానే ఉండేది. జ్వరంతో అమ్మ పోయిన రోజు వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె చూపుడువేలు నా పిడికిట్లో ఉంది. నేను పట్టుకున్నంతసేపూ ఆమెను ఎవరూ తీసుకుపోలేరని నా నమ్మకం. మా మేనమామ నా వేళ్లు ఒక్కొక్కటే తీయబోతే కరిచాను. "గింతంత పోరనికి గింత బలమేంది," అన్నారెవరో.

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "జర నా దిక్కు చూడు బిడ్డా," అంది. చూశాను. ఆమె అరచెయ్యి నా మణికట్టు మీద పడింది. నన్ను అడగకుండానే నా వేళ్లు విచ్చుకున్నాయి. అమ్మను తీసుకుపోయారు.

ఆ తరువాత చాలా రోజులు నేను నా కుడిచేతితో మాట్లాడలేదు. ఎడమచేత్తో అన్నం తింటుంటే ఇంట్లో అందరూ కసిరారు. పెద్దమ్మ కసరలేదు. నా కుడిచేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు ఇడువలేదు బిడ్డా. నేనే ఇడిపించిన. పాపమేమన్న ఉంటే నాది."

నమ్మినట్టు తలూపాను.

ఈమధ్య మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక హైటెక్ సిటీలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు పంపారు. అక్కడంతా కీబోర్డులతో చేతులు అరగదీసుకున్న పిల్లలే. పడి విరగ్గొట్టుకున్న ఘనుణ్ణి నేనొక్కణ్ణే. పట్టు కొలిచే పరికరం చేతికిచ్చి, అక్కడి అమ్మాయి నా మోచేతిని ఒంటికి ఆనించింది.

"మణికట్టు కిందికి వంచకండి అంకుల్. నిటారుగా, కాస్త వెనక్కి ఉంచండి. వంచితే ఎవరికైనా పట్టు తగ్గిపోతుందండి."

"ఎవరికైనానా?" అని రెండుసార్లు అడిగాను. చెవుడనుకుందేమో, గొంతు పెంచింది.

"ఎవరికైనా అండి. పహిల్వాన్‌కైనా."

పెద్దమ్మ చెప్పింది నిజమే, నేను విడువలేదు. ఆ మాట వాకిట్లో కూర్చున్న ఆ ఆరేళ్లవాడికి చెప్పి చూశాను. వాడు నా దిక్కు చూడడు. ఒకసారి చూసి మోసపోయాడు.

ఇప్పటికీ ఒక్కో తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నా కుడి మణికట్టు నిటారుగా, వేళ్లు బిగిసి ఉంటాయి. లోపల ఏమీ ఉండదని తెలుసు. అయినా విప్పడానికి కాసేపు ఆగుతాను.