పంపులు ఆపించిన అప్పన్న

నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఒక జూన్ మొదటి సోమవారం నాడు, సెంబవాంగ్‌లోని మా షిప్‌యార్డులో నాకొక అదనపు బాధ్యత అప్పగించారు. రెండో నంబరు డ్రై డాక్‌లో ఆరు నెలలుగా యాక్టింగ్ డాక్‌మాస్టర్‌గా పనిచేస్తున్న మనిషిని అదే పదవిలో ఖాయం చెయ్యాలా, లేక బయటినుంచి ఇంకొకరిని తీసుకురావాలా అన్నది తేల్చే ముగ్గురు సభ్యుల కమిటీలో నన్ను వేశారు. మన వైపు ఆఫీసుల్లో ఇన్‌చార్జి అంటామే, ఇక్కడి యాక్టింగ్ కూడా అదే. పనంతా చెయ్యాలి, తప్పు జరిగితే మాట పడాలి, కుర్చీ మాత్రం తనది కాదు.

డాక్‌మాస్టర్ పనేమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఓడ అడుగుభాగం బాగుచెయ్యాలంటే దాన్ని నీళ్లలోంచి బయటపెట్టాలి. అందుకోసం సముద్రం ఒడ్డున పెద్ద కాంక్రీటు గొయ్యి కడతారు. అదే డ్రై డాక్. గొయ్యి అడుగున ఓడ కొలతల ప్రకారం వరసలుగా దిమ్మెలు పేరుస్తారు. వాటిని మేం బ్లాకులంటాం. కింద కాంక్రీటు, పైన మెత్తటి కలప. గొయ్యిని నీళ్లతో నింపి, తలుపు తీసి, ఓడను లోపలికి లాగి, మళ్లీ తలుపు మూసి, పంపులతో నీళ్లు తోడేస్తారు. నీళ్లు తగ్గేకొద్దీ ఓడ మెల్లగా దిగి బ్లాకుల మీద కూర్చుంటుంది. ముందుగా వెనకభాగం తాకుతుంది. ఆ తాకిన క్షణం నుంచి మొత్తం కూర్చునేదాకా ఓడకు నిలకడ తక్కువ. ఆ కాసేపూ వాకీటాకీలో ఆజ్ఞలిచ్చే గొంతు ఒక్క డాక్‌మాస్టర్‌దే. నీళ్లలో మునిగే డైవర్లు తాము చూసింది చెబుతారు, ఓడ తాళ్లు లాగే వించ్‌ల దగ్గరివాళ్లు విన్న ఆజ్ఞను తిరిగి పలుకుతారు, అంతే. యార్డు యజమాని వచ్చి పక్కన నిలబడినా నోరు విప్పకూడదు. ఇది రాతలో ఉన్న నియమాలన్నిటికంటే గట్టి ఆచారం.

పదిహేడేళ్లపాటు రెండో డాక్‌లో ఆ గొంతు నాది. ఆ తరవాత డాకింగ్ మేనేజరునై ఆఫీసు గదిలోకి మారాను.

ఇక యాక్టింగ్ మనిషి. పేరు అప్పన్న, వయసు నలభై ఒకటి. అతని ముత్తాత శ్రీకాకుళం వైపునుంచి సముద్రం దాటి, ఇక్కడి బ్రిటిషువాళ్ల నౌకాస్థావరంలో కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి సింహాచలం మా యార్డులో బ్లాకులు పేర్చే వడ్రంగులకు మేస్త్రీ. అప్పన్న ఆ తండ్రి కిందనే పనిలో చేరి, వించ్‌ల మీదికి మారి, అసిస్టెంట్ డాక్‌మాస్టరయ్యాడు. అసలు డాక్‌మాస్టర్ ఉన్నట్టుండి రాజీనామా చేసి వెళ్లిపోవడంతో అతన్ని నిలబెట్టారు. డాక్‌మాస్టర్ తెల్ల హెల్మెట్‌కు చుట్టూ ఎర్రరంగు పట్టీ పెయింటు వేసి ఉంటుంది. అప్పన్నకు స్టోర్సువాళ్లు ఎర్ర టేపు చుట్టి ఇచ్చారు. ఎండకూ చెమటకూ అది రెండు వారాలకోసారి ఊడేది. అతను మళ్లీ అంటించుకునేవాడు.

మా ఇద్దరి మధ్య తెలుగు నడిచేది. నాది విశాఖపట్నం తెలుగు, అతనిది తమిళం, మలయ్ కలిసిపోయి, ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ అని ఊతపదం తగిలే తెలుగు. యార్డులో అందరిముందూ సర్ అనేవాడు, క్యాంటీనులో అంకుల్ అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ తెలుగు వల్ల అతనికి నష్టమే జరిగింది. మనవాణ్ణి వెనకేసుకొస్తున్నాడని ఎవరైనా అంటారేమోనన్న భయంతో నేను అతని కాగితాలను మిగతావాళ్లకంటే రెట్టింపు గుచ్చి గుచ్చి చూసేవాణ్ణి. అతని రిపోర్టులో స్పెల్లింగ్ తప్పులకు కూడా ఎర్రసున్నాలు చుట్టిన ఘనత నాది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కమిటీలో మిగతా ఇద్దరు ప్రొడక్షన్ డైరెక్టర్ లిమ్, సిబ్బంది వ్యవహారాల అధికారి ఫరీదా. పద్ధతి ఇదీ: ఆరు నెలల రికార్డు చూడాలి, రెండు డాకింగులకు మేం స్వయంగా వెళ్లి డాక్ గట్టుమీద నిలబడి గమనించాలి, చివర్లో ఇంటర్వ్యూ చెయ్యాలి. అప్పన్న రికార్డులో ఒక్క మచ్చ లేదు. లిమ్ దానికి పెదవి విరిచాడు. ఆటల జట్టుకు మధ్యలో కోచ్ పోతే అసిస్టెంటును పెడతారని, పాతవాడి పీడ వదిలిందన్న ఊపులో జట్టు కొన్నాళ్లు గెలుస్తుందని, ఆ గెలుపు చూసి అతనికే ఉద్యోగం ఇచ్చినవాళ్లు మరుసటి ఏడాది ఏడుస్తారని అతని వాదన. అందులో నిజం లేకపోలేదు. పైగా బయటినుంచి దరఖాస్తు చేసుకున్న ఒకాయనకు పెద్ద డిప్లొమాలు ఉన్నాయి. అప్పన్నకు ఉన్నదల్లా ఇరవయ్యేళ్ల పని. ఈసారి రాకపోతే మళ్లీ అసిస్టెంటుగా, తనకంటే చిన్నవాడి కింద, రిటైరయ్యేదాకా ఉండిపోవలసిందే. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

మొదటి డాకింగ్ సాఫీగా జరిగింది. రెండోది ఒక నూనె ఓడ. ఉదయం ఏడింటికి లోపలికి లాగారు, తొమ్మిదిన్నరకు తలుపు మూసి పంపులు మొదలుపెట్టారు. మేం ముగ్గురం అప్పన్న వెనక పది అడుగుల దూరంలో నిలబడ్డాం. ఓడ యజమానుల తరఫు ఇంజనీరు కూడా మా పక్కనే ఉన్నాడు. కొలబద్దమీద నీటిమట్టం దిగుతోంది. వెనకభాగం బ్లాకులను తాకడానికి జానెడు దూరముందనగా డైవర్ గొంతు వినబడింది. కుడివైపు తొమ్మిదో బ్లాకు మీద చేతికి ఏదో తేడాగా తగులుతోందని, నీళ్లు బురదగా ఉండి కళ్లకు కనబడటం లేదని చెప్పాడు. అప్పన్న ఖాయంగా చెప్పగలవా అని ఒకే ఒక్కసారి అడిగాడు. డైవర్ నీళ్లు నమిలాడు.

అప్పన్న వెనక్కి తిరిగి మా వైపు చూడలేదు. పంపులు ఆపమన్నాడు. ఆ తరవాత నీళ్లు తిరిగి లోపలికి వదలమన్నాడు. ఓడ మీటరు పైకి తేలింది. ఇంకో డైవర్‌ను కూడా దింపి, ఇద్దరిచేతా ఆ వరస మొత్తం తడిమించాడు. తొమ్మిదో బ్లాకు మీద దొరికింది ఒక పాత గోనెసంచి ముక్క. కలప ఉన్నచోటే ఉంది, బ్లాకు లక్షణంగా ఉంది. ఆ గోనెముక్కతో ఓడకు ఏ హానీ జరిగేది కాదు. ఇదంతా తేలేసరికి మూడు గంటలు పోయింది. రంగు గీకడానికి వచ్చిన బృందం గట్టుమీద చతికిలబడి కూర్చుంది. ఓడ ఇంజనీరు మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. లిమ్ తన నోటుపుస్తకంలో రెండు పదాలు రాసి నాకు చూపించాడు. ధైర్యం చాలదు అని.

ఆ శుక్రవారం తంజోంగ్ పగార్‌లోని హెడ్డాఫీసులో ఇంటర్వ్యూ జరిగింది. అప్పన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. అలవాటైన మనిషి, ఎక్కడ వదలాలో తెలియక తెచ్చుకున్నట్టున్నాడు. లిమ్ సూటిగానే అడిగాడు. గోనెసంచి కోసం మూడు గంటలు పోగొట్టావు, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావు అని. ఎవరైనా కొంచెం తెలివైనవాడైతే ఆ ప్రశ్నలో సందు దొరికించుకుని, ఇకముందు ముందే ఇద్దరు డైవర్లను దింపుతాననో ఇంకేదో అనేవాడు. అప్పన్న ఆలోచించి ఒక్క ముక్కే చెప్పాడు.

“స్టాప్ చేస్తాను సర్. సేమ్ ఓన్లీ.”

అతను బయటికి వెళ్లాక లిమ్ కాగితాలు మూసేశాడు. అనుమానంతో బతికేవాడు డాక్ నడపలేడని, గట్టుమీద మనల్ని చూసి కంగారుపడ్డాడని అన్నాడు. ఫరీదా నా వైపు తిరిగి, ఈ గదిలో ఆ పని చేసినవారు మీరొక్కరే, మీరేమంటారని అడిగింది.

నాకు ఆ ప్రశ్న తప్పించుకోవాలనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఇరవై రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పుడు అదే డాక్‌లో నేనూ యాక్టింగే. నా హెల్మెట్‌కూ టేపే. ఖాయం చేసేముందు చివరి డాకింగ్ చూడటానికి అప్పటి జనరల్ మేనేజరు వచ్చి, చేతులు వెనక కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఓడ తాకబోయే సమయానికి డైవర్ ఎడమవైపు పన్నెండో బ్లాకు మీద కలప కదిలినట్టుందన్నాడు. నేను విన్నాను. పక్కన మనిషి వింటున్నాడని కూడా గమనించాను. ఆపితే బ్లాకులు సరిగా పేర్పించలేకపోయానని అతను అనుకుంటాడు. ఆపకపోతే ఏమవుతుందో అప్పుడు నేను ఆలోచించనే లేదు. కానివ్వమన్నాను. ఓడ కూర్చుంది. జనరల్ మేనేజరు నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

నీళ్లన్నీ పోయాక కిందికి దిగి చూస్తే పన్నెండో బ్లాకు కలప సగం బయటికి జారి ఉంది. దాని బరువు పక్క రెండు బ్లాకులు మోస్తున్నాయి. ఓడ రేకుమీద అరచెయ్యంత సొట్ట. పక్క బ్లాకులు పాతవై ఉంటే ఏం జరిగేదో ఇప్పటికీ తలుచుకోవడం ఇష్టం లేదు. అప్పటి వడ్రంగి మేస్త్రీ సింహాచలం, అంటే అప్పన్న తండ్రి, నా మొహం ఒక్కసారి చూసి, ఇద్దరు మనుషుల్ని పిలిచి, చీలలు కొట్టి దాన్ని సరిచేశాడు. సొట్ట గురించి నేను రిపోర్టులో రాయలేదు. ఆ సాయంత్రమే నన్ను ఖాయం చేస్తూ ఉత్తరం వచ్చింది. సింహాచలం ఆ తరవాత బతికినన్నాళ్లూ నా దగ్గర ఆ ఊసెత్తలేదు. ఆయన పోయిన రోజు నేను దుఃఖపడ్డాను. దానితోపాటు కొంచెం తేలికపడ్డాను కూడా. ఆ తేలికే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ కథంతా నేను కమిటీకి చెప్పాను. ఉన్నదున్నట్టు, సొట్టతో సహా. చెప్పి, ఆ రోజు నాలో మీరు మెచ్చుకునే ధైర్యమే కనబడి ఉంటుందని, అది ధైర్యం కాదు భయమని, నాకు జనరల్ మేనేజరంటే భయమని అన్నాను. అప్పన్న కంగారుపడి ఉంటే నాలాగే కానిచ్చేవాడు. మనం వెనక నిలబడ్డామని తెలిసీ ఆపించాడు. గోనెసంచి దొరికిందన్నది ఆ తరవాతి సంగతి, ఆపేటప్పుడు అతనికి తెలిసింది డైవర్ అనుమానం ఒక్కటే.

ఇది మినిట్స్‌లో రాయాలా అని ఫరీదా మెల్లగా అడిగింది. రాయమన్నాను. లిమ్ నన్ను చాలాసేపు చూశాడు. కోపంగానే చూశాడు, అందులో తప్పేమీ లేదు. తరవాత తన నోటుపుస్తకం తీసి, ఆ రెండు పదాల మీద గీత కొట్టాడు. కమిటీ ఏకగ్రీవంగా అప్పన్న పేరు సిఫారసు చేసింది. నెల తిరక్కముందే నా సర్వీసు ఫైలులో ఒక హెచ్చరిక కాగితం చేరింది. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో నాకొచ్చిన హెచ్చరిక అదొక్కటే, అదీ ఆలస్యంగా.

ఖాయం చేసిన ఉత్తరం అప్పన్నకు నేనే ఇచ్చాను. మధ్యాహ్నం క్యాంటీనులో, అతను ఫిష్‌బాల్ నూడుల్స్ తింటూ ఉండగా. చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మినిట్స్ ఎలాగూ యార్డులో పాకిపోతాయి కనక, కమిటీలో ఏం చెప్పానో నా నోటితోనే అతనికి చెబుదామని పన్నెండో బ్లాకు అంటూ మొదలుపెట్టాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“తెలుసు అంకుల్. మా నాయిన చెప్పీసేడు, పనిలో చేరిన ఫస్ట్ డే. ఆ బ్లాకు కాడికే తీసుకెళ్లి చూపించేడు. డౌట్ వొస్తే ఎవుడు పక్కనున్నా స్టాప్ చెయ్యాలని.”

ఇరవయ్యేళ్లుగా అతనికి తెలుసన్నమాట. నేను ఎర్రసున్నాలు చుట్టిన రిపోర్టులు చేత్తో పట్టుకుని అతను నా గదిలో నిలబడినప్పుడు కూడా తెలుసు. ఆ సంగతి ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే లిమ్‌కు సమాధానం దొరికేది కదా, ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

“అది మీ డాకింగ్ లా, అంకుల్. నా ఇంటర్వ్యూలో దాని పనేటి?”

అని మళ్లీ నూడుల్స్ తినడంలో పడ్డాడు. ఆ వారంలోనే స్టోర్సువాళ్లు అతని హెల్మెట్ తీసుకుని టేపు జిగురు గీకి ఎర్రరంగు వేశారు. నేను రిటైరయ్యేదాకా అతను మరో రెండుసార్లు పంపులు ఆపించాడు. ఒకసారి ఏమీ లేదు, ఒకసారి నిజంగానే కలప జారి ఉంది.

ఈ ఉదంతం నాకు నేర్పిందాన్ని పొడిగానే చెబుతాను. యాక్టింగ్‌లో ఉన్న మనిషిని ఖాయం చేసేముందు రికార్డు చూడటం అవసరమే, కాని రికార్డులో అదృష్టం కూడా కలిసి ఉంటుంది. అందుకని, తనను తూచేవాళ్లు పక్కన నిలబడి ఉండగా, తనకు చెడ్డపేరు వస్తుందని తెలిసి, అతను ఒక పనిని ఆపగలిగాడా అన్నది చూడాలి. ఆ పరీక్ష ఇరవై రెండేళ్ల కిందట నాకు పెట్టి ఉంటే ఆ ఉద్యోగం నాకు వచ్చేది కాదు.