ఊల్కన్ కోళ్ల కిటికీ

మా అమ్మ పేరు ఊల్కన్. ఆమె కోళ్లు పెంచుతుందంటే నారిన్ లోయలో నవ్వనివాళ్లు లేరు. ఇక్కడ గొర్రెలూ గుర్రాలూ ఉన్నవాళ్లదే మాట. కోడిని పశువుల లెక్కలోకే తీసుకోరు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అమ్మ తనవని చెప్పుకోగలిగినవి మాత్రం ఆ కోళ్లే.

ఆ ఏడు తొలి మంచు పడగానే, గొర్రెల దొడ్డికి చేసినట్టే, కోళ్ల గూటి కిటికీకి మందపాటి ఉన్ని కంబళి బిగించింది. వెచ్చగా ఉంటే చాలనుకుంది. గింజలూ దండిగా వేసింది. మూడు వారాలు తిరిగేసరికి గూట్లోని పన్నెండు కోళ్లలో ఒక్కటీ గుడ్డు పెట్టడం లేదు.

సోగుం నాడు, అంటే చలికాలానికి మాంసం కోసి దాచుకునే రోజున, మా పెదనాన్న సాదిర్కుల్ గొర్రెల పని ముగించి గూటివైపు చూశాడు. తిని కూర్చునేవాటిని మేపడం దండగ, వాటినీ కానిచ్చేద్దామన్నాడు. బావగారికి ఎదురు చెప్పే కోడలు మా దగ్గర ఉండదు. అమ్మ చెప్పింది. నెల గడువిమ్మంది.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. కాలు దెబ్బతిన్న ఇంకో కోడి మా వంటింట్లో గంప కింద ఉంది. ఆ పొద్దునే అది గుడ్డు పెట్టింది. గింజలు అవే, వెచ్చదనమూ అంతే. వంటింట్లో ఉండి గూట్లో లేనిది ఒక్కటే, తెల్లారకముందే వెలిగే దీపం.

అమ్మ కంబళి పీకేసి గూట్లో బల్బు కట్టింది. పాలు పితికే వేళకే వెలిగించేది. కోళ్లకు దీపమేమిటని మా నాన్నతో సహా అందరూ ఆటపట్టించారు. నాకు ఒళ్లు మండిపోయేది.

గడువు రోజున పెదనాన్న రాగానే అమ్మ గిన్నె ముందు పెట్టింది. తొమ్మిది గుడ్లు, అన్నీ ఆ పొద్దుటివే.

"ఏం మందు పెట్టావమ్మా?" అన్నాడాయన.

"మందేం లేదు బావగారూ. అడవికోడి వసంతంలో నాలుగు గుడ్లు పెట్టుకుని పొదుగుడికి కూర్చుంటుంది, ఇంక పెట్టదు. మనవాటికి ఆ పొదుగుడు యావ తక్కువ. ముత్తాతల కాలం నుంచీ బాగా పెట్టేవాటినే ఉంచుకుంటూ వచ్చాం కదా. గుడ్లు తీసేస్తుంటే ఏడాదంతా పెడతాయి. పగలు కురచైతేనే ఆపుతాయి. కిటికీ మూసి పగటిని ఇంకా కురచ చేసింది నేనే."

పశువుల సంగతి లోయంతా పెదనాన్ననే అడుగుతుంది. ఆయన ఒకరిని అడగడం నేనెప్పుడూ చూడలేదు. గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో మీ అక్క కోళ్ల గూటికీ కంబళి కట్టింది నేనేనమ్మా. ఇప్పుడు తీస్తే ఎన్నాళ్లకు పెడతాయి?"

అమ్మ ఎన్నడూ ఆయన ముందు కూర్చోలేదు. ఆ రోజు పీట లాక్కుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.