చౌటిమడి బెల్లం

మా మేనకోడలు భార్గవి తెచ్చిన సీసా మూత తీయగానే ముందు పచ్చి ఆపిలుకాయ వాసన వచ్చింది, ఆ వెనకాలే ఎండకు కాలిన బండమీద తొలివాన పడ్డప్పుడు లేచే వాసన వచ్చింది. ఆ పిల్ల ఆల్ప్స్ కొండల నడుమ ఒక చలిలోయలో వైన్ తయారీ నేర్చుకుంటోంది. సెలవులకు తిరుపతి వస్తూ, మా ఇంట్లో తాగేవాళ్ళెవరూ లేరని తెలిసి కూడా, వాసనన్నా చూస్తారులే అని ఒక సీసా పట్టుకొచ్చింది. వంటింట్లో దేవుడి పటాలున్నాయి కాబట్టి దాన్ని ముందుగదిలోనే ఆపేశాను. పడకకుర్చీలో ఉన్న మా నాయన కాసేపు దాన్ని అనుమానంగా చూసి, చివరికి గ్లాసు ముక్కు దగ్గర పెట్టించుకున్నాడు.

"రాళ్ళ వాసన వస్తా ఉండాదే" అన్నాడు.

"రాళ్ళే తాతా. ఆ కొండంతా పలకరాళ్ళే" అంది భార్గవి సంబరంగా. పగలంతా ఏటవాలు మీద ఎండ కాస్తుందట, రాత్రి మంచు దిగుతుందట, ఆ చలికి ద్రాక్షలో పులుపు చావకుండా నిలుస్తుందట. ఒక నేల చెక్కలో పండిన కాయను పక్క చెక్క కాయతో కలపరట, సీసా మీద ఆ చెక్క పేరే వేస్తారట. ఆ పిల్ల చెబుతూనే ఉంది గానీ, చేనికొక రుచి అన్న మాట దగ్గరే నేను చిత్తూరు దగ్గర ఐరాల పక్కన, చిన్ననాటి మా పల్లెకు వెళ్ళిపోయాను.

మార్గశిరం వస్తే మా ఊళ్ళో తెల్లవారడం గానుగ చప్పుడుతోనే. మంచులో చెరుకు ఆకులు తడిసి చేతులు కోసుకుపోయేవి, పొయ్యిలో ఎండు పిప్పి భగ్గుమనేది, బెల్లం వండే పెద్ద పెనంలో రసం పచ్చగా నురగ కట్టి, తేరుకుని, ఎర్రబడి, చిక్కబడే కొద్దీ ఆ తీపి వాసన ఊరి చివరి ఇంటిదాకా పాకేది. గెనుసుగడ్డలు దారానికి కట్టి మరిగే రసంలో వేలాడదీసి, ఉడికినాక పైకి లాగి, ఊదుకుంటూ తినేవాళ్ళం. పిప్పి కుప్పల మీదినుంచి జారి జారి గౌన్ల నిండా దురద తెచ్చుకుని ఇంటికి పోతే, మా అమ్మ తిట్టుకుంటూనే వేణ్ణీళ్ళు కాచేది. ఇంటి దగ్గర పొద్దున సంగటి, ఊరిబిండి పచ్చడి, సాయంత్రం వేడి పాకంలో కలిపిన బొరుగులు. ఆ రెండు నెలలూ మాకు అన్నం మీద ధ్యాసే ఉండేది కాదు.

గానుగ ఊరందరికీ ఒకటే, వంతుల వారీగా ఆడించుకునేవాళ్ళు. ఎవరి వంతు వచ్చినా తొలి పెనం దించగానే అక్కడున్న వాళ్ళందరి చేతుల్లో తలా కొంచెం పెట్టడం ఆనవాయితీ. పెట్టడం ఒక్కటే కాదు, తిన్నవాళ్ళు ఒక మాట చెప్పాలి. గుట్టకింది ఎర్రనేల బెల్లం లేతగా, నోట్లో పెట్టగానే కరిగేది. చెరువుకింది నల్లరేగడి బెల్లం ముదురు తీపి. మా బెల్లం మాత్రం నల్లగా ఉండి, తీపి అయిపోయాక నాలుక చివర సన్నగా ఉప్పు తగిలేది.

అది మా నాయన తల్లి, మా అవ్వ చేను. పక్క ఊరే అయిన పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఆమెకు ఇచ్చింది. చౌడు పేరిన నేల కాబట్టి చౌటిమడి అనేవాళ్ళు. మా వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎగతాళి ఎత్తుకునేవాళ్ళు.

"పెద్దక్కా, మీ బెల్లం ఏస్తే పులుసులోకి ఉప్పు కొనే పనే లేదే."

"మా నాయన ఇచ్చిన చేను. అది ఎట్ల పండితే అట్లే తింటా" అనేది అవ్వ, నవ్వుతూనే. అని ఊరుకోకుండా ఆ నల్లటి బెల్లాన్నే కొంగున కట్టుకుని రోజంతా చప్పరించేది. కుడుముల్లోకి, ఉగాది పచ్చడిలోకి, జ్వరం పడి లేచినవాళ్ళ కషాయంలోకి, అన్నిటికీ అదే. మాకు ఊహ తెలిసింది ఆ రుచితోనే, తీపి అంటే అదేననుకునేవాళ్ళం.

ఒక ఎండాకాలం చెరువు ఎండింది. నాయన బండ్లు కట్టి చెరువు మట్టి తోలడం మొదలుపెట్టాడు. పైనున్న చౌడు చెక్కి వాగులో పోయించి, చేనంతా కొత్త మట్టి పరిచాడు. చేనులో ఉన్న ఉప్పునీళ్ళ బావి పూడ్పించి పక్కవాళ్ళ బోరు నీళ్ళు మాట్లాడుకున్నాడు. చిత్తూరు మండీలో తెల్లబెల్లానికే గిరాకీ అని ఇంట్లో చెప్పాడు. అవ్వ గట్టుమీద కూర్చుని బండ్లు వచ్చిపోవడం చూసేది. చేసేవాడు కొడుకు, చెయ్యొద్దని ఆమె అనలేదు.

రెండో పంటకు ఫలితం తెలిసింది. పెనం దించితే పాకం బంగారు రంగులో ఉంది. చేతుల్లో పెడితే అందరూ బాగుందన్నారు, ఎగతాళి చేయడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. నాయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఒక ముద్ద తీసుకెళ్ళి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ తీరిగ్గా చప్పరించింది.

"బాగుండాది నాయనా. మనది యాడ?"

"ఇది మనదేమ్మా."

అవ్వ ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఔనా" అని మిగిలింది నా చేతిలో పెట్టేసింది. ఆ తర్వాత బెల్లం తిన్నప్పుడల్లా ఉప్పురవ్వ అద్దుకుని చూసేది. ఉప్పు వేరే, అది వేరే అని తలూపేది. పోయేదాకా మళ్ళీ కొంగున బెల్లం కట్టుకోలేదు.

ఇప్పుడా చేనులో ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. గానుగ ఇనుము పాత సామాన్లవాడికి పోయింది, మార్గశిరంలో మా ఊరు ఏ వాసనా లేకుండా తెల్లవారుతోంది.

ఇదంతా నేను చెబితే విని భార్గవి తన లోయ సంగతి ఒకటి చెప్పింది. ఆ ఏటవాలు తోటల్లో వానలకు మట్టి కిందికి కొట్టుకుపోతుందట. చలికాలం పోగానే ఆ మట్టినే ఎత్తుకుని కొండెక్కి, మళ్ళీ ఆ చెక్కలోనే పోసుకుంటారట.

"పక్కన మంచి మట్టి ఉంటే అదే తోలుకోవచ్చు గదా" అన్నాడు నాయన.

"తోలుకోరు తాతా. రుచి మారిపోతుందని."

నాయన గ్లాసు మళ్ళీ అందుకుని వాసన చూశాడు. తర్వాత అడిగాడు, "రాళ్ళ రుచి అని వాళ్ళను ఎవురూ ఎగతాళి చెయ్యరా?"

"ఎందుకు చేస్తారు? దానికోసమే అడిగి మరీ కొంటారు."

"మా అమ్మను చేసినారు. ఊరంతా నవ్వినారు. అందుకే తోలినా ఆ మట్టి."

ఇన్నేళ్ళూ నేను మండీ కోసమే అనుకున్నాను. తల్లిని చూసి మరొకరు నవ్వకూడదని ఆయన ఆమె చేనునే మార్చేశాడు.

"ఇంతకీ నోట్లో పెట్టుకుంటే సరిగ్గా ఎట్లుండేది తాతా ఆ బెల్లం?" అంది భార్గవి.

నాయన చెప్పబోయి ఆగాడు. పెదవులు ఒకసారి చప్పరించి, నా వైపు తిరిగాడు.

"నీకేమన్నా గుర్తుండాదా పాపా?"

నల్లగా ఉండేదని, చివర ఉప్పు తగిలేదని మాటల్లో నేనూ చెప్పగలను. ఆ రుచి మాత్రం ఎంత పిలిచినా నాలుక మీదికి రాలేదు. "లేదు నాయనా" అన్నాను.