చీరమర ఎక్కడ ఆగిందో చెప్పండి

"గాలిమర ప్రయోగం విఫలమైనప్పటికీ..." అని రాశారు.

నిన్నటికి మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. తల దగ్గర దీపం వెలుగుతూనే ఉంది. అప్పుడే మీ ఆఫీసు పేజీలో సంతాపం పోస్ట్: "ప్రయోగం విఫలమైనప్పటికీ, ఆంజనేయులు గారు కష్టపడే ఉద్యోగి."

నిన్న పొద్దున బత్తలపల్లె దగ్గర ఒక చేనులో సోలార్ పంపు విప్పుతున్నాను. ఫోన్ మోగింది. ఆంజనేయులు సార్ భార్య, లక్ష్మమ్మ.

"మీ సారు పోయినాడు పాపా."

చేతిలో స్పానర్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

సాయంత్రం మీ పోస్ట్ చూశాను. ఏడుపు ఆగిపోయింది. కోపం వచ్చింది.

నేను చదివింది తొమ్మిదో క్లాసు. పంపుల పని చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. కాబట్టి నున్నగా రాయడం నాకు రాదు.

మీకు తెలియకపోతే వినండి.

డెబ్బైల చివర్లో కళ్యాణదుర్గం నుంచి ఒక కుర్ర ఇంజనీరు సైకిల్ మీద ధర్మవరం వచ్చాడు. ఆయనే మా సార్. కరెంటు లేని ఒక పల్లెలో, గాలితో బావి నీళ్లు తోడాలని ఆయన ఆలోచన. ఎనిమిది కట్టెలు, వాటికి ఎనిమిది గుడ్డ రెక్కలు, కింద పంపు. రెక్కలకు మందపాటి నూలు గుడ్డ కావాలి.

పెళ్లి చీరలు నేసే వీధిలో నూలు గుడ్డ అడిగితే అందరూ నవ్వారట. మా నాయన వాళ్ల నాయన, మా జేజినాయన నాగన్న ఒక్కడే కూర్చోమన్నాడు. కానీ అంచు అక్కర్లేదు, ఉత్త తెల్లగుడ్డ చాలు అనేసరికి ఆయనా లేచాడు.

"ఏమప్పా ఇంజనీరూ! అంచు లేని తెల్లగుడ్డ పీనుగ మీద కప్పేది. నా మగ్గం మీద నెయ్యను, పో."

"ఇది గాలికి కట్టేదన్నా. ఎవురు కట్టుకుంటారని అంచు?"

"గాలి కట్టుకుంటాది గదప్పా. గాలికి మాత్రం మానం ఉండొద్దా?"

వాదించీ వాదించీ సార్ అలసిపోయారు. మా జేజినాయన రెండు వేళ్ల వెడల్పు ఎర్రంచు వేసి, తన ఇష్టప్రకారమే నేసి ఇచ్చాడు.

సార్ ఊరికే ఒప్పుకునే రకం కాదు. నాలుగు రెక్కలకు ఈ అంచు గుడ్డ కట్టారు. నాలుగింటికి అంగట్లో కొన్న మిల్లు గుడ్డ కత్తిరించి కట్టారు.

ఆషాఢం వచ్చింది. మా వైపు ఆషాఢం గాలి ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు.

మిల్లు గుడ్డ నాలుగూ అంచుల దగ్గర చిరగడం మొదలై పేలికలయ్యాయి. ఎర్రంచు రెక్కలు చెక్కు చెదరలేదు. అంచులో పోగులు రెట్టింపు, నేత బిగువు. మానం కోసం వేసిన అంచే బలమైంది.

సార్ ఆ పేలిక ఒకటి పట్టుకుని మళ్లీ సైకిల్ తొక్కుకుంటూ వచ్చారట.

"ఓడిపోయినానన్నా. ఇంగో నాలుగు నెయ్యి."

"ఇప్పుడు తెలిసిందా, చీర ఎవురు కట్టుకుంటారో?"

ఆ మరకు ఊళ్లో ఆడవాళ్లు పెట్టిన పేరు చీరమర. ఆ ఊరి ఓబుళమ్మవ్వ ఇప్పటికీ చెప్తుంది: "చీరమర తిరుగుతాండాదంటే బిందె ఎత్తుకుని పరిగెత్తేదాన్ని. మనుషులం తాగినాం, గొడ్లు తాగినాయి. కరువుల్లో గూడా ఆ తొట్టి ఎండిందే ల్యా."

సార్ గీసిన డ్రాయింగ్ షీటు నేను చూశాను. రెక్క బొమ్మ పక్కన ఆయన చేతిరాతలోనే ఉంది: "అంచు: నాగన్న, ధర్మవరం."

ఇంజనీరు గీసిన కాగితం మీద మగ్గం మనిషి పేరు. ఆ రోజుల్లో. మీ ఆఫీసులో ఇప్పుడైనా ఎవరైనా రాస్తారా?

నేను మొదటిసారి సార్ దగ్గరికి వెళ్లింది ఒక పంపు కాలబెట్టి. "ఫెయిల్ అయిపోయింది సార్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "ఫెయిలు అనొద్దు పాపా. అది తెలివి తక్కువోళ్ల మాట. యాడ ఆగిందో చెప్పు" అన్నారు.

నా చదువంతా ఆ ఒక్క మాటే.

ఇప్పుడు అదే మిమ్మల్ని అడుగుతున్నాను. చీరమర ఎక్కడ ఆగింది?

రెక్క ఆగిందా? పంపు ఆగిందా? గాలి ఆగిందా?

ఏదీ ఆగలేదు. ఊరికి కరెంటు వచ్చింది. చుట్టూ బోర్లు పడ్డాయి. బావి ఎండింది. ఎండిన బావి మీద కూడా అది కొన్నాళ్లు ఉత్తగా తిరుగుతూనే ఉందట. చూడలేక సారే వెళ్లి రెక్కలు విప్పారు.

బావి ఎండితే గాలిమర విఫలమా?

ఆ రెక్కల్లో ఒకటి మా ఇంట్లో ఉంది. ఇన్నేళ్లూ మగ్గం మీద దుమ్ము పడకుండా కప్పాం. ఈ పొద్దున అది తీసుకుని సార్ ఇంటికి వెళ్లాను.

ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. "అంచు గుడ్డ కప్పగూడదు పాపా. తెల్లగుడ్డే కప్పల్ల."

లక్ష్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల కూడా ఎత్తలేదు.

"కప్పనీప్పా. ఆయప్పకు అదే పట్టుచీర."

కప్పాను. ఎర్రంచు మాసింది, ఒక్క పోగు కూడా తెగలేదు. సార్ దాంతోనే వెళ్లారు.

ఇక మీ సంగతి.

పదకొండో రోజు దాకా టైమ్ ఇస్తున్నాను. ఆ రోజు పొద్దు గుంకేలోపు మీ పేజీలోనే జవాబు రావాలి. చీరమర ఎక్కడ విఫలమైందో చూపించండి. చూపించలేకపోతే ఆ మాట తీసేసి, ఆ చోట రెండు పేర్లు రాయండి. ఆంజనేయులు. నాగన్న.

సార్, మీరు చల్లగా పడుకోండి.

వీళ్లేమన్నారో పదకొండో రోజు వచ్చి చెప్తాను.