మెస్సులో ఒంటిగంట పంక్తి

హైటెక్ సిటీ చుట్టుపక్కల చౌకగా, కడుపు చల్లగా ఉండేలా ఎక్కడ తినాలని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. కొండాపూర్ సందులో పొద్దున్నే బొరుగుల ఉగ్గాణీ పెట్టే బండి ఒకటి. నేనూ సీమవాడినే అని చెప్పిన రోజు నుంచి అతను అడక్కుండానే ఇంకో బజ్జీ వేస్తాడు. మదీనాగూడలో జొన్నరొట్టెలు కాల్చే తల్లీకూతుళ్లు ఉన్నారు. కానీ ఒక్కచోటే చెప్పమంటే నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, రేకుల కప్పు కింద ఉన్న మెస్సు గురించే చెబుతాను. దానికి బోర్డు లేదు. అక్క మెస్సు అంటే షేర్ ఆటోవాళ్లే దింపేస్తారు.

అన్నం, ముద్దపప్పు, ఒక వేపుడు, పచ్చిపులుసు, మజ్జిగ. కోడికూర కావాలంటే విడిగా అడగాలి. మొదటిసారి వెళ్లినప్పుడు, పొయ్యి ఎక్కనిది పులుసెలా అవుతుందని నోరు పారేసుకున్నాను. వంటా వడ్డనా తానే చూసుకునే అక్క గిన్నె నా ముందు పెట్టి పోయింది. చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, అంతే. రెండో రోజు నేనే అడిగి పోయించుకున్నాను.

అక్కడొక పద్ధతి ఉండేది. ఒంటిగంట నుంచి రెండు దాకా మెడలో ఆఫీసు ట్యాగు ఉన్నవాళ్లకే ముందు వడ్డన. వాళ్లకు మీటింగులుంటాయని అక్క పెట్టిన నియమం. ఆటోవాళ్లు, సెక్యూరిటీ గార్డులు రెండు దాటాక తీరిగ్గా తినేవాళ్లు. ముందే వచ్చి కూర్చున్నా, మమ్మల్ని చూడగానే "జరుగుండ్రి, ట్యాగులోళ్లొచ్చిండ్రు" అంటూ బెంచీ ఖాళీ చేసేవాళ్లు. వంగితే ట్యాగు పప్పులో పడుతుందని, కార్డును చొక్కా జేబులో దోపుకుని తినడం మా అందరి అలవాటు.

నా ఉద్యోగం పోయిన రోజు కార్డు తీసేసుకున్నారు. నీలం పట్టీ మాత్రం ఎందుకో వాళ్లకు అక్కర్లేకపోయింది. మర్నాడు ఒంటిగంటకు ఆ పట్టీనే మెడలో వేసుకుని, కొసను జేబులో దోపుకుని మెస్సుకు వెళ్లాను. సిగ్గులేని పని అని తెలుసు. కానీ రెండు గంటల పంక్తిలో కూర్చుంటే ఉద్యోగం లేదని ఊరంతటికీ ఒప్పుకున్నట్టే అనిపించింది. నా భార్య కాన్పుకు కడప జిల్లాలో పుట్టింటికి వెళ్లి ఉంది. ఏడో నెల, పైగా బీపీ. ఇంకో ఉద్యోగం దొరికాకే చెబుదామనుకున్నాను. రోజూ మెస్సులోంచే ఫోను చేసి, ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చానని చెప్పేవాణ్ని. చుట్టూ ట్యాగులవాళ్ల గోల వినబడేది కాబట్టి ఆమె నమ్మేది. మూడు వారాలు ఇదే నాటకం.

ఒకరోజు వెళ్లేసరికి మెస్సులో ఒక్క ట్యాగూ లేదు. గార్డులు, ఆటోవాళ్లు ఒంటిగంటకే తింటున్నారు. నన్ను చూసి ఒకాయన అలవాటుగా జరిగాడు. కూర్చుని, "అక్కా, కోడికూర వెయ్యి" అన్నాను.

"గాంధీ జయంతి నాడు కోడిని ఎవరు కోస్తరు తమ్మీ? అన్ని ఆఫీసులు బంద్. నువ్వేంది, గిట్ల పట్టీ ఏసుకొని వచ్చినవ్?"

పని ఉన్నవాడు సెలవుల కోసం నెల ముందు నుంచే కాచుకుని ఉంటాడు. నాకు అన్ని రోజులూ ఒకటే అయిపోయి, అది ఏ రోజో కూడా పట్టలేదు. అర్జెంటు పనేదో ఉందని నసిగాను.

అక్క అన్నం వడ్డిస్తూ గొంతు తగ్గించింది. "జేబుల కార్డు లేదని నాకు ఎరుకే. పది దినాల కింద నువ్వు చెయ్యి కడుక్కుంటుంటే ఉత్త పట్టీ బయటపడ్డది. నీకు నామోషీ అయితదని ఊకున్న. ఇంట్ల చెప్పినవా?"

"నీకెందుకక్కా!" అని కసిరాను. కసిరిన వెంటనే తల అడ్డంగా ఊపాను.

"నాకు దాస్తే దాసినవ్. ఆమెకెందుకు దాసుడు? జర తిని ఫోను చెయ్యి. కడుపుల అన్నం పడ్డంక మాట మెత్తగొస్తది."

పచ్చిపులుసు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాను. ఫోను చేసి, ఆమె హలో అనగానే మొత్తం చెప్పేశాను. బీపీ సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

"మూడు వారాలా?" అంది. "మూడు వారాలు నువ్వొక్కడివే మింగుకోని ఉండావా? ఉద్యోగం పోతే పోనీ. నన్నెందుకు పరాయిదాన్ని చేస్తివి?"

ఎడమచేతిలో ఫోను, కుడిచెయ్యంతా పులుసు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేదు. గార్డులు, ఆటోవాళ్లు తినడం ఆపి నన్నే చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుని, అందరి ముందూ ఏడ్చాను.